శాలువా కప్పిన తర్వాత

(డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డి స్మృతిలో చేసిన ఉపన్యాసం)



ప్రభాకరరెడ్డి గారిని జనం తెర మీద పోలీసు అధికారిగా, జమీందారుగా, కరడుగట్టిన విలన్‌గా, కన్నతండ్రిగా ఎరుగుదురు. ఆయన పేరు ముందున్న ‘డాక్టర్’ మాత్రం ఏ విశ్వవిద్యాలయమో గౌరవంగా ఇచ్చింది కాదు. తుంగతుర్తి నుంచి వచ్చి, ఉస్మానియా వైద్య కళాశాలలో పుస్తకాలతో కుస్తీ పట్టి సంపాదించుకున్నది. 1960లో ‘చివరకు మిగిలేది’తో తెరకెక్కారు. నటించారు, కథలు రాశారు, చిత్రాలు నిర్మించారు. 1997లో కన్నుమూసే లోపు సినీ కార్మికుల ఇళ్ల కోసం మణికొండ దగ్గర తన పదెకరాలు ఇచ్చారు. చిత్రపురి కాలనీ ఈ రోజుకీ ఆయన పేరుతోనే నడుస్తోంది. వైద్యం, సినిమా, కూలి మనిషి బతుకు మూడూ తెలిసిన మనిషి స్మృతిలో మాట్లాడమన్నప్పుడు నాకు తోచిన విషయం ఒక్కటే. మహమ్మారి రోజుల్లో మన ప్రాణాలు కాపాడినవాళ్లకు మనం ఎలా కృతజ్ఞత చూపాం? ఎలా చూపి ఉండాల్సింది?

1

ఆయన మొదటి సినిమాతోనే మొదలుపెడతాను. ‘చివరకు మిగిలేది’లో సావిత్రి గారు నర్సు. మనసు చెదిరిన రోగికి ప్రేమ నటించి నయం చెయ్యడం ఆమెకు అప్పగించిన పని. రోగి కోలుకుని తన దారిన తాను వెళ్లిపోతాడు. ఆసుపత్రికి పేరొస్తుంది. అదే వైద్యం చెయ్యమని ఇంకో రోగిని ఆమె చేతిలో పెడతారు. ఆఖరుకు ఆమే మతి చెదిరి, తను సేవ చేసిన చోటే రోగి అవుతుంది. బెంగాలీలో 1959లో సుచిత్రా సేన్‌తోనూ, ఆ తర్వాత హిందీలో వహీదా రెహమాన్‌తోనూ ఇదే కథ వచ్చింది. ఇందులో దుర్మార్గులు ఎవరూ లేరు. ఆ నర్సును అందరూ మెచ్చుకునేవాళ్లే. మెచ్చుకున్న కొద్దీ ఆమె మీద బరువు పెరుగుతూ పోయింది. బాగా చేసింది కాబట్టి మళ్లీ నువ్వే చెయ్యమన్నారు. ఇంత మెప్పు మధ్య ఆమె ‘ఇక నా వల్ల కాదు’ అంటే విని ఊరుకునే ఏర్పాటు మాత్రం ఆ ఆసుపత్రిలో లేదు.

నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. ఎంత గొప్పగా పొగిడామన్న దాన్ని బట్టి కృతజ్ఞతను కొలవలేం. పొగిడించుకున్న మనిషి మర్నాడు పొద్దున వచ్చి, ‘నాకిది తక్కువైంది, ఇది కావాలి’ అన్నప్పుడు మనం ఏ మొహం పెట్టామో దాన్ని బట్టి కొలవాలి. ఈ కొలబద్దతో 2020 నుంచి జరిగినవి ఒక్కసారి చూద్దాం.

2

2020 మార్చి 22, ఆదివారం. జనతా కర్ఫ్యూ. సాయంత్రం 5 గంటలకు దేశమంతా గుమ్మాల్లోకి, బాల్కనీల్లోకి వచ్చి చప్పట్లు కొట్టింది, పళ్లేలు మోగించింది. జూబ్లీహిల్స్ మేడల మీద మన తారలూ కొట్టారు, కింద బస్తీల్లో వాళ్లూ కొట్టారు. రెండు రోజులు గడిచాయో లేదో, మార్చి 24న ఢిల్లీ ఎయిమ్స్ రెసిడెంట్ డాక్టర్లు కేంద్ర హోంమంత్రికి లేఖ రాశారు. కరోనా వార్డుల్లో పనిచేసేవాళ్లను ఇంటి యజమానులు ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నారని, కొందరు సామాన్లతో రోడ్డున పడ్డారని. వరంగల్ నుంచీ అలాంటి వార్తలే వచ్చాయి. చప్పట్లు కొట్టినవాళ్లు వేరు, గెంటేసినవాళ్లు వేరు అనుకుంటే మనకు హాయిగా ఉంటుంది. దేశమంతా చప్పట్లు కొట్టిన రోజున ఆ ఇంటి యజమానులు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చున్నారని నమ్మడం కష్టం.

ఏప్రిల్‌లో నెల్లూరుకు చెందిన ఒక వైద్యుడు చెన్నైలో కరోనాతో చనిపోయారు. అంబత్తూరు శ్మశానంలో ఆయన అంత్యక్రియలకు స్థానికులు అడ్డం పడ్డారు. మన పరిశ్రమ పుట్టి పెరిగిన ఊరది, అందుకే ఇంకాస్త బాధ. అదే నెల నర్సీపట్నం ఆసుపత్రిలో మాస్కులు చాలడం లేదని బయటికి చెప్పిన మత్తు వైద్యుణ్ణి సస్పెండ్ చేశారు. మే 3న వాయుసేన హెలికాప్టర్ సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి మీద పూలు చల్లింది. డాక్టర్లు, నర్సులు, ఆయాలు ఆవరణలోకి వచ్చి తలలెత్తి చూశారు. నెల తిరిగి కొన్ని రోజులైందో లేదో, జూన్‌లో, ఒక రోగి చనిపోయాడని అదే ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్ల మీద దాడి జరిగింది. వాళ్లు రోడ్డు మీద బైఠాయించారు. జూలైలో అవుట్‌సోర్సింగ్ నర్సులు జీతాల కోసం ఆందోళనకు దిగారు. పూలు పడ్డ చోటనే ఇదంతా.

ఒక్క మన దేశాన్నే తప్పు పట్టనక్కర్లేదు. బ్రిటన్‌లో 2020 మార్చి 26 నుంచి పది వారాల పాటు ప్రతి గురువారం రాత్రి 8 గంటలకు జనం గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టారు. ఏడాది తిరక్కుండా అక్కడి ప్రభుత్వం వైద్య సిబ్బందికి 1 శాతం జీతం పెంపు ప్రతిపాదించింది. పెద్ద గొడవై, దాన్ని 3 శాతం చేశారు. 2022 డిసెంబర్‌లో అక్కడి నర్సుల సంఘం తన చరిత్రలోనే కనీవినీ ఎరగనంత పెద్ద సమ్మెకు దిగింది. చప్పట్లు కొట్టిన చేతులు, జీతాల ఫైలు మీద సంతకం పెట్టాల్సిన చేతులు ఒకరివే అయిన చోట ఈ వైరుధ్యం మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

‘చప్పట్లలో తప్పేముందండీ, మనోధైర్యం ఇస్తాయి కదా’ అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పీపీఈ తొడుగు వేసుకుంటే ఆరేసి గంటలు మంచినీళ్లు ముట్టేది లేదు, కాలకృత్యాలకు వెళ్లేది లేదు. కళ్లద్దాల లోపల ఆవిరి. తొడుగు లోపల బట్టలు పిండితే నీళ్లు కారేంత చెమట. ఎవరు ఎవరో తెలియక వీపు మీద మార్కర్‌తో పేరు రాసుకునేవాళ్లు. ఆ తొడుగు విప్పి బయటికొచ్చిన మనిషికి వీధి చివర నలుగురు చప్పట్లు కొడితే కళ్లు చెమర్చే ఉంటాయి. కాదనను. నా అభ్యంతరం అక్కడితో లెక్క ముగించెయ్యడం మీదే. చప్పట్లు కొట్టినవాడికి వెంటనే మనసు తేలికపడుతుంది, రుణం తీరినట్టనిపిస్తుంది. ఆ తేలికలోనే ప్రమాదముంది. తీరిపోయిందనుకున్న బాకీని మర్నాడు ఎవరైనా అడిగితే, అడిగినవాడే దురాశపరుడిలా కనిపిస్తాడు.

3

ఇప్పుడు మన ఫిల్మ్‌నగర్ సంగతి. మనుషుల్ని దేవుళ్లను చెయ్యడంలో మనల్ని మించినవాళ్లు లేరు. కటౌట్లు, పాలాభిషేకాలు, పూలవర్షాలు మన నిత్యవ్యవహారం. లాక్‌డౌన్‌లో వలస కూలీలను ఇళ్లకు చేర్చిన సోనూ సూద్‌కు 2020 డిసెంబర్‌లో సిద్దిపేట జిల్లా దుబ్బతండా వాళ్లు గుడే కట్టారు. ‘ఆచార్య’ పోరాట సన్నివేశంలో తనను కొట్టడానికి చిరంజీవి గారు వెనకాడారని, కొడితే జనం తిట్టిపోస్తారన్నారని సోనూ సూదే చెప్పుకున్నారు. నవ్వుకోవలసిన ముచ్చటే. తండా ప్రజల మనసును చిన్నబుచ్చే ఉద్దేశం నాకు లేదు. అయితే ఆ కూలీల బస్సులు నడిపిన డ్రైవర్లకు, దారిలో అన్నం పొట్లాలు కట్టినవాళ్లకు, స్టేషన్లలో జ్వరం చూసినవాళ్లకు మన దగ్గర గుళ్లు సరే, పేర్లు కూడా లేవు. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనప్పుడూ అంతే. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు సేకరించారు. అది తెలుగు సినిమా గర్వంగా చెప్పుకోవలసిన ఘట్టం, చెప్పుకుంటున్నాం కూడా. కుళ్లిపోతున్న శవాలను రోజుల తరబడి ఎత్తి పూడ్చిన కార్యకర్తల పేర్లు ఎంతమందికి తెలుసు?

పేర్లు గుర్తుండకపోవడం చిన్న విషయమే. దేవుణ్ణి చెయ్యడంలో ఇంతకంటే లోతైన చిక్కుంది. వైద్యుణ్ణి నారాయణుడితో పోల్చే మాట మనకు అనాదిగా ఉంది. నారాయణుడికి జీతం పెంపు అక్కర్లేదు, వారాంతపు సెలవు అక్కర్లేదు, మాస్కు అక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యంగా నారాయణుడు ఓడిపోడు. అందుకే రోగి చనిపోగానే దేవుడు దొంగ అయిపోతాడు. మన సినిమా ఈ రెండో ముఖాన్నీ గట్టిగానే చూపించింది. 2003లో వచ్చిన ‘ఠాగూర్’లో చనిపోయిన మనిషికి వైద్యం చేస్తున్నామని నటించి ఆసుపత్రి డబ్బు గుంజే దృశ్యం ఉంది. థియేటర్లు దద్దరిల్లాయి. ఆ దృశ్యం అబద్ధం అనను. అలాంటి బిల్లులు చూసిన కుటుంబాలు ఈ సభలోనూ ఉండి ఉంటాయి. సినిమా చూసి గాంధీలో డాక్టర్లను కొట్టారనీ అనను. నేననేది ఇంతే. జనం ఊహలో తెల్లకోటు మనిషికి మనం రెండే పాత్రలు ఇచ్చాం, దేవుడు లేదా దొంగ. నిద్ర చాలక, ఆక్సిజన్ చాలక, పద్దెనిమిదో పడకకూ పందొమ్మిదో పడకకూ మధ్య ఎటు పరుగెత్తాలో తెలియక నిలబడిపోయిన ఇరవై ఆరేళ్ల హౌస్‌సర్జన్‌కు మన కథల్లో చోటు లేకపోయింది. 1960లో సావిత్రి గారి నర్సుకు దొరికిన చోటు ఆ తర్వాత చాలామందికి దొరకలేదు.

దాడులను ఆపడానికి చట్టం లేక కాదు. 2020 ఏప్రిల్ 22న కేంద్రం తెచ్చిన ఆర్డినెన్సు వైద్య సిబ్బంది మీద దాడికి 3 నెలల నుంచి 5 ఏళ్ల దాకా, తీవ్రంగా గాయపరిస్తే 7 ఏళ్ల దాకా జైలు పెట్టింది. సెప్టెంబర్‌లో అది చట్టమైంది. మంచి పనే. గాంధీలో దాడి మాత్రం ఆ ఆర్డినెన్సు వచ్చాకే జరిగింది.

4

ఇక గట్టి అభ్యంతరం ఒకటుంది, దాని దగ్గర కాస్త నిలబడాలి. ‘సేవను డబ్బుతో ముడిపెడితే సేవ చిన్నబోదా?’ పెద్దమనుషులు అనే మాటిది. చిత్తశుద్ధితోనే అంటారు. దీనికి ఎదురుగా ‘జీతం తీసుకున్నారు, పని చేశారు, ఇందులో కృతజ్ఞత ఏముంది’ అనే మాట ఇంకొకటి. తమాషా ఏమిటంటే జీతం పెంచమన్నప్పుడు మొదటి మాట, సన్మానం చేద్దామన్నప్పుడు రెండో మాట వినిపిస్తుంది. ఒకే నోటి నుంచి రెండూ విన్న సందర్భాలూ లేకపోలేదు.

రెండోదానికి జవాబు తేలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020 జనవరి నుంచి 2021 మే వరకు కొవిడ్‌తో చనిపోయిన ఆరోగ్య కార్యకర్తలు 80 వేలకు, లక్షా 80 వేలకు మధ్య ఉంటారు, మధ్యస్థంగా 1,15,500. ఏ నియామక పత్రంలోనూ ప్రాణం ఇవ్వాలన్న షరతు ఉండదు. షరతుకు మించి ఇచ్చినదే మన మీద ఉన్న రుణం.

మొదటిదానికి ఆశా కార్యకర్తలనే సాక్ష్యంగా తెస్తాను. 2021 మే నెలలో, రెండో అల ఉవ్వెత్తున ఉన్నప్పుడు, తెలంగాణలో ఇంటింటి జ్వరం సర్వే చేసింది వాళ్లే. రిజిస్టరు, పారాసిటమాల్, విటమిన్ మాత్రలున్న కిట్ల సంచీ, ఎండ. ఎవరికి జ్వరం, ఎన్నాళ్ల నుంచి, ఆయాసం ఉందా, ఇంట్లో వేరే గది ఉందా. ఫిల్మ్‌నగర్ బస్తీ ఇరుకిళ్లలో ఆ చివరి ప్రశ్నకు జవాబు అడగకముందే తెలుసు, అయినా అడిగి రాసుకోవాలి. కొన్ని గుమ్మాల్లో వాళ్లనే రోగాన్ని మోసుకొచ్చినవాళ్లలా చూశారు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశాలకు పురస్కారం ప్రకటించింది. అందరం గర్వపడ్డాం. కాగితాల మీద వాళ్లు అప్పటికీ ఉద్యోగులు కారు, చేసిన పనిని బట్టి పారితోషికం అందుకునే స్వచ్ఛంద కార్యకర్తలు. 2023లో నెలకు 18,000 స్థిర వేతనం కావాలని తెలంగాణ ఆశాలు సమ్మెకు దిగారు. పురస్కారం వచ్చిన రోజు అభినందనలు చెప్పినవాళ్లలో ఎందరు ఆ సమ్మె శిబిరం దగ్గరికి వెళ్లారు?

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు వాలంటీర్ల కథా ఇలాగే నడిచింది. కరోనా కాలంలో వాళ్లు గడపగడపకూ తిరిగారు. 2021 ఫిబ్రవరిలో 5,000 గౌరవ వేతనం చాలడం లేదని రోడ్డెక్కితే, ఇది ఉద్యోగం కాదు, స్వచ్ఛంద సేవ అని ముఖ్యమంత్రి లేఖ రాశారు, ఉగాదికి సేవా పురస్కారాలు ప్రకటించారు. ఆ వ్యవస్థ మంచిచెడ్డల మీద రాజకీయంగా ఎన్ని అభిప్రాయాలైనా ఉండనివ్వండి, నేను ఆ జోలికి పోను. వేతనం అడిగినవాళ్లకు పురస్కారం ఇవ్వడం అనే పద్ధతిని మాత్రం గమనించమంటున్నాను. సేవ గొప్పదని చెప్పడం, సేవకు ధర కట్టనక్కర్లేదని చెప్పడానికి దారిగా మారకూడదు. డబ్బు అందుకున్నంత మాత్రాన ఆ జ్వరం సర్వేలో మానవత్వం ఏమీ తగ్గదు. పిల్లల ఫీజు గురించి దిగులు లేకుండా తలుపు తట్టిన మనిషి, లోపలి రోగి మాట ఇంకో నిమిషం ఎక్కువే వింటుంది.

5

ఈ విషయంలో మన పరిశ్రమకు దగ్గరి అనుభవం ఒకటుంది. 2020 మార్చిలో షూటింగులు ఆగిపోగానే కృష్ణానగర్‌లో పొయ్యిలు వెలగడం కష్టమైంది. లైట్‌మెన్, ప్రొడక్షన్ బాయ్స్, జూనియర్ ఆర్టిస్టులు రోజుకూలి మీద బతికేవాళ్లు. చిరంజీవి గారి చొరవతో ‘కరోనా క్రైసిస్ చారిటీ మనకోసం’ ఏర్పడింది. ఆయన కోటి రూపాయలిచ్చారు, ఇతర నటులూ నిర్మాతలూ చేతనైనంత ఇచ్చారు, నిత్యావసర సరుకులు ఇళ్లకు చేరాయి. 2021లో కార్మికులకు టీకాలు వేయించడానికీ ఆ సంస్థే పూనుకుంది, ఆయన ట్రస్టు జిల్లాల్లో ఆక్సిజన్ బ్యాంకులు పెట్టింది. ఇదంతా ప్రచారం కోసమేనని పెదవి విరిచినవాళ్లున్నారు. ఫొటో తీయించుకున్నా బియ్యం బియ్యమే, ఆక్సిజన్ ఆక్సిజనే. పైగా ఒకరు ఇచ్చింది కనబడితేనే ఇంకొకరు ఇస్తారు. నాకు ఆ పెదవి విరుపు నచ్చదు.

నాకు ముఖ్యమనిపించింది ఆ తర్వాత జరిగింది. 2022 జూన్‌లో, సరుకులు అందుకున్న ఆ కార్మికులే వేతనాలు పెంచమని షూటింగులు ఆపారు. 2025 ఆగస్టులో మళ్లీ ఆపారు. నిర్మాతలకు కష్టంగానే ఉండి ఉంటుంది. అయినా చర్చలు జరిగాయి, పెంపు కుదిరింది. ‘కరోనాలో బియ్యం ఇచ్చాం కదా’ అన్న మాట బేరం బల్ల మీద పని చెయ్యలేదు, పని చెయ్యకూడదు కూడా. ఎందుకంటే సెట్లో లైట్‌మన్‌కు మనం చెప్పే థాంక్స్ శాలువా రూపంలో ఉండదు. అది కాల్షీట్ రేటులో, వేళ దాటితే వచ్చే అదనపు డబ్బులో, యూనియన్ కార్డులో రాసి ఉంటుంది. దర్శకుడికి కోపమొచ్చిన రోజు కూడా ఆ రేటు తగ్గదు. ఆసుపత్రి నర్సుకు, ఆయాకు, చెత్తబండి కార్మికుడికి మన సమాజం ఇలాంటి రేటు కార్డు ఇవ్వలేకపోయింది. 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వైద్య సిబ్బందికి 10 శాతం అదనం, జీహెచ్‌ఎంసీ పారిశుద్ధ్య కార్మికులకు 7,500, ఇతర పురపాలక, పంచాయతీ కార్మికులకు 5,000 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. ఇవ్వాలనుకోవడం గొప్ప విషయమే. 2021 మేలో జూనియర్ డాక్టర్లు సమ్మె చేసినప్పుడు, పెంచుతామన్న స్టైపెండ్‌తో పాటు ఆ 10 శాతం కూడా డిమాండ్ల పట్టికలో ఉంది. తమకు, కుటుంబ సభ్యులకు కరోనా వస్తే నిమ్స్‌లో వైద్యం చెయ్యాలన్నది ఇంకో డిమాండ్. రోగులకు వైద్యం చేసేవాడు తన తల్లికి పడక కోసం సమ్మె నోటీసులో అడగాల్సి వచ్చింది.

అప్పుడు చాలామంది అన్న మాట, ‘ఇది సమ్మెకు సమయమా?’ రోగి ప్రాణం మీదికొచ్చిన వేళ ఆ భయం నిజమైనదే, కొట్టిపారెయ్యలేం. అందుకు సమాధానం క్యాలెండర్‌లో ఉంది. మహమ్మారి తగ్గాక అడిగితే వినే నాథుడు ఉండడు. మహమ్మారి మధ్యలో అడిగితే సమయం కాదంటాం. మరి వాళ్లు ఎప్పుడు అడగాలి? ఆ సమ్మె మొదలైన రెండు రోజుల్లోనే స్టైపెండ్ పెంపు ఉత్తర్వు కదిలింది. అంత త్వరగా కదిలేది ముందే కదిలి ఉంటే సమ్మే ఉండేది కాదు.

6

చివరిగా, చెయ్యదగిన పనుల గురించి. 2020 మార్చి 30 నుంచి అమల్లోకి వచ్చిన 50 లక్షల బీమా పథకం దాదాపు 22 లక్షల మంది ఆరోగ్య సిబ్బందికి వర్తించింది, ఆశాలకు కూడా. కొవిడ్ విధుల్లో ఉండి చనిపోతే కుటుంబానికి ఆ డబ్బు వచ్చేది. చనిపోకుండా ఊపిరితిత్తులు పాడై, మెట్లెక్కలేక, డ్యూటీ మానుకున్న నర్సుకు అందులో ఏమీ లేకపోయింది. మరణానికి వెల కట్టిన పథకం అనారోగ్యాన్ని పట్టించుకోలేదు. ఆ ఖాళీ పూడ్చడం ప్రభుత్వాల పని. ‘డబ్బెక్కడిది’ అనే ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ మధ్యలో మిగుల్చుకునేది ఎంత, మనిషి చేతికి చేరేది ఎంత అన్న లెక్క బయటపెట్టడం దగ్గర ఆ జవాబు మొదలవ్వాలి.

మన పరిశ్రమ చెయ్యగలిగింది ఇంకొకటుంది, దానికి పెద్దగా ఖర్చు లేదు. అవార్డు వేడుకల్లో ఫ్రంట్‌లైన్ యోధులకు సన్మానం పెట్టుకుంటున్నాం. పెట్టుకోండి. శాలువా కప్పాక మైకు వాళ్ల చేతికివ్వండి, ప్రశంసాపత్రం చదవడానికి పట్టే ఆ నాలుగు నిమిషాలూ వాళ్లనే మాట్లాడనివ్వండి. ఆసుపత్రిలో ఏం లేదో, జీతం ఏ నెల నుంచి ఆగిందో వాళ్లు చెబితే కెమెరాలు తిప్పుకోకుండా ఉంచండి. ఏ ఆశా శిబిరమో, ఏ నర్సుల ధర్నాయో జరిగినప్పుడు ఒక్క పెద్ద నటుడు వెళ్లి పావుగంట కూర్చుంటే ఆ రాత్రికి రాష్ట్రమంతా అక్కడ ఏం అడుగుతున్నారో తెలుసుకుంటుంది. రాజకీయం అంటారేమోనన్న జంకు ఉంటుంది, తెలుసు. ఉప్పెన బాధితుల కోసం 1977లో రోడ్డెక్కిన ఇద్దరు హీరోలూ ఆ జంకు పెట్టుకోలేదు. రచయితలూ దర్శకులూ ఇక్కడున్నారు కాబట్టి వాళ్లతో ఒక మాట. జీతం కోసం ధర్నాలో కూర్చుని, సాయంత్రం మళ్లీ వార్డుకు డ్యూటీకి వెళ్లే నర్సు కథ నాకు తెలిసి ఇంకా ఎవరూ తియ్యలేదు. గాంధీ ఆసుపత్రి ఫిల్మ్‌నగర్ నుంచి గంట దూరం కూడా లేదు.